ఆ శుక్రవారం నేను చేయని ఫోన్

పదకొండేళ్ళుగా నా మీద ఒక బరువు ఉంది. అది చెడ్డపేరు కాదు, మంచిపేరు. "ఆవిడ చేశానందంటే చేసినట్టే" అని నేను పనిచేసే యూనివర్సిటీలో అందరూ అంటారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఒక సోమవారం ఉదయం నుంచి నిజం కాదు. ఆ ఉదయం నేనొక అబద్ధం చెప్పాను. నా మంచిపేరు దానికి సాక్ష్యం పలికింది. అన్ని విధాలా నాకంటే పెద్దదైన ఒక మనిషి, చేయని తప్పును తనదేనని ఒప్పుకుని, తలవంచి వెళ్ళిపోయింది.

మీరెవరో నాకు తెలియదు. ముఖం తెలిసినవారికి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ప్రతిసారీ నా మాటలు వివరణగా మొదలై సమర్థనగా ముగిసేవి. అందుకని మిమ్మల్ని ఎంచుకున్నాను. నా పేరు చెప్పను. మిగతావారి పేర్లు మార్చాను. తేదీలు నా దగ్గర ఉన్నాయి, కానీ వాటినీ రాయను. తేదీలు సరిగ్గా రాస్తే నిజం పూర్తిగా చెప్పినట్టేనని నమ్మి నన్ను నేను మోసం చేసుకోవడం నాకు పాత అలవాటు.

మేము ఇల్లినాయ్‌లో, అరోరాలో ఉంటాం. ఇక్కడికి ముప్పావుగంట దూరంలోని ఒక యూనివర్సిటీలో, హాళ్ళూ గదులూ కేటాయించే ఆఫీసులో నా ఉద్యోగం. అమెరికా వచ్చిన మొదటి వారం నుంచీ డైరీ రాస్తున్నాను. ఆ రోజు చలి ఎంత, ఆఫీసుకు ఎన్నింటికి చేరాను, ఎవరితో ఏం మాట్లాడాను, కూరగాయలకు ఎంతయింది, ఏదీ వదలను. ఏడాది చివర కూడికలు వేసుకుంటాను. తేడా వస్తే అది దొరికేదాకా మనసు నిలవదు. నేను చెప్పబోయే శుక్రవారం కూడా డైరీలో ఉంది. కారు స్టార్ట్ కాకపోవడం, మధ్యాహ్నం పెరుగన్నం, చేసిన ఫోన్లు, అన్నీ ఉన్నాయి. చేయని ఫోన్‌ను ఏ గడిలో రాస్తారు?

ముందు ప్రొఫెసర్ లొరెయిన్ గురించి చెప్పాలి. ఆమె గురించి చెప్పకుండా నా తప్పు ఎంతటిదో చెప్పలేను.

ఆమె చరిత్ర విభాగంలో పాఠాలు చెబుతుంది. నల్లజాతి మనిషి. పూసల గొలుసుకు వేలాడే కళ్ళద్దాలు, ఎత్తు మడమలు లేని చెప్పులు, చేతిసంచిలో ఎప్పుడూ ఒక ఎక్స్‌టెన్షన్ కార్డు. "ఏ గదిలోనూ ప్లగ్ మనకు కావలసిన చోట ఉండదు," అనేది. ఏ కార్యక్రమానికైనా అందరికంటే ముందు వచ్చి, కుర్చీల వరసల మధ్య నడిచి, చివరి వరసలో కూర్చుని వేదిక కనిపిస్తోందో లేదో చూసేది. చివరి వరస గురించి ఆలోచించే ప్రొఫెసర్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఆమె రాకముందు మా యూనివర్సిటీలో ఫిబ్రవరి అంటే, బ్లాక్ హిస్టరీ నెల అంటే, ఒక పోస్టరు, ఒక ఉపన్యాసం, ఒక ట్రే కుకీలు. ఆమె వచ్చాక అది మారింది. యూనివర్సిటీ పాత ఫొటోలలో తెల్లవారందరి పేర్లూ కింద వరసగా ఉంటాయి. అంచున నిలబడ్డ ఒకరిద్దరు నల్లజాతి విద్యార్థులకు పేరుండదు. ఆమె ఆ ముఖాలను ఒక్కొక్కటిగా పట్టుకుంది. చర్చిలకు ఫోన్లు చేసింది, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి టీ తాగుతూ కూర్చుంది, ఒక పేరు కోసం రెండు రాష్ట్రాలు దాటి కారు నడుపుకుంటూ పోయింది. దొరికిన ప్రతి పేరునూ ఫిబ్రవరిలో ఒక విద్యార్థి లేచి నిలబడి గట్టిగా చదవాలి. చదివే ముందు ఆ పేరును సరిగ్గా పలకడం నేర్చుకోవాలి. అది ఆమె పెట్టిన నియమం.

నా పేరులో అయిదు అక్షరాలున్నాయి. అక్కడ ఇరవైమంది దాన్ని మూడుకు కుదించారు. ఆమె మాత్రం మొదటి రోజే కాగితం మీద రాయించుకుని, నా ఎదుటే నాలుగుసార్లు పలికి, "ఇప్పుడు సరిగ్గా వచ్చిందా?" అని అడిగింది. వచ్చింది. ఆ రోజు నుంచి ఒక్కసారీ తప్పలేదు.

ఇంకొకటి. నా ఉద్యోగంలో పైమెట్టుకు రెండుసార్లు దరఖాస్తు పెట్టాను. రెండుసార్లూ "ఫోన్‌లో ఆమె యాస అర్థం కావడం కష్టం" అన్న మాట దగ్గర ఆగిపోయింది. మూడోసారి ఎంపిక కమిటీలో లొరెయిన్ ఉంది. యాస సంగతి మళ్ళీ వచ్చినప్పుడు, "ఆమె మాట అర్థం కాక తప్పు గదికి పోయినవారు ఒక్కరైనా ఉన్నారా? ఉంటే పేరు చెప్పండి," అందట. ఎవరూ చెప్పలేకపోయారు. ఉద్యోగం నాకు వచ్చింది. ఈ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. కమిటీలో ఉన్న వేరొకరు చెప్పారు.

అలాంటి మనిషికి నేను చేసింది ఇది.

మా ఆఫీసులో హాలును రెండు విడతలుగా ఇస్తాం. అడిగినవారి పేరు మీద ముందు ఆపి ఉంచుతాం. దాన్ని హోల్డ్ అంటాం. గడువులోగా వారు ఖాయం చేయాలి. చేయకపోతే హాలును ఎవరికైనా ఇవ్వవచ్చు. అది నియమం. గడువు రోజు ఉదయం ఫోన్ చేసి గుర్తుచేయడం నియమం కాదు, నా పద్ధతి. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అందరికీ చేస్తున్నాను. చివరికి ప్రొఫెసర్లు గడువు రాసుకోవడమే మానేశారు. నా ఫోనే వాళ్ళ గడువు.

ఆ ఏడాది జనవరిలో లొరెయిన్ మా కౌంటర్ మీద మోచేతులు ఆనించి, ఫిబ్రవరిలో ఒక శనివారానికి పెద్ద హాలు అడిగింది. అంత ఉత్సాహంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. మిస్ ఆర్లీన్ వస్తోంది. అలాగే అనేది, మిస్ ఆర్లీన్ అని, మనం 'గారు' చేర్చినంత గౌరవంగా. ఎనభై దాటిన మనిషి. మా యూనివర్సిటీలో చదివిన తొలితరం నల్లజాతి అమ్మాయిల్లో ఒకరు. మంచి గొంతు. అప్పట్లో వార్షికోత్సవానికి గాయకబృందం ఆ పెద్ద హాలులోనే పాడింది. ప్రధానమైన పాట ఆమెదే. కానీ వచ్చిన పెద్దమనుషులకు కష్టం కలుగుతుందని, ఆమెను తెర వెనుక నిలబెట్టి పాడించారు. గొంతు హాలంతా వినిపించింది. మనిషి కనిపించలేదు. చప్పట్లు కొట్టినప్పుడు ముందు వరసలో నిలుచున్న ఇంకో అమ్మాయి వంగి నమస్కరించింది.

"నాకు పెద్దగా ఏమీ వద్దు," అంది లొరెయిన్. "స్టేజీ మధ్యలో ఒక కుర్చీ, ఒక మైకు. ముందు నుంచి లైటు. ఆవిడ అక్కడ కూర్చుని పాడాలి. అంతే."

నేను రాసుకున్నాను. మధ్యలో కుర్చీ, మైకు, ముందు లైటు. అంటే నాకు తెలుసు. ఏ హాలు, ఎవరికోసం, ఎందుకు అన్నది పూర్తిగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

అదే శనివారం మా అమ్మాయి కూచిపూడి రంగప్రవేశం. ఇక్కడి ఒక డాన్స్ స్కూల్లో తొమ్మిదేళ్ళు నేర్చుకుంది. ఆ స్కూలు పెద్ద గురువుగారు మృదంగం, వయొలిన్, పాట వాళ్ళను వెంటబెట్టుకుని విజయవాడ నుంచి వచ్చి మా ఇంట్లోనే దిగారు. మరుసటి వారం వాళ్ళు డాలస్‌లో ఉండాలి. మాఘమాసం, ఆయన స్వయంగా చూసిన ముహూర్తం. ఆహ్వానాలు వెళ్ళిపోయాయి. మేము బుక్ చేసుకున్నది నేపర్‌విల్‌లో ఒక హైస్కూలు ఆడిటోరియం. జనవరి చివరి చలికి అక్కడ నీళ్ళ గొట్టం గడ్డకట్టి పగిలి, స్టేజీ చెక్కలన్నీ ఉబ్బిపోయాయి. రెండు నెలలదాకా ఇవ్వలేమని ఫోన్ చేశారు.

"గుడి హాల్లో పెట్టుకుందాం మాస్టారూ," అన్నాను.

"అది టైల్స్ నేలమ్మా. పళ్ళెం మీద అరగంట తరంగానికి పిల్ల మోకాళ్ళు మిగలవు. చెక్కనేల కావాలి. ముహూర్తం మాత్రం మారదు," అన్నారు ఆయన, కాఫీ గ్లాసు కింద పెట్టి. కోప్పడలేదు. నేల గురించీ ముహూర్తం గురించీ ఒకే గొంతుతో చెప్పారు.

ఆయన పైకి వెళ్ళాక మావారు అడిగారు. "మీ యూనివర్సిటీలో ఏం ఖాళీ లేదా?"

"ఉన్న ఒక్కటీ హోల్డ్‌లో ఉందండీ."

"ఎవరిది?"

"హిస్టరీ వాళ్ళది. బ్లాక్ హిస్టరీ మంత్ ప్రోగ్రామ్."

"అది ఎవ్రీ ఇయర్ ఉండేదేగా! మనమ్మాయిది లైఫ్‌లో ఒక్కసారి. వాళ్ళు ఎక్కడైనా చేసుకోవచ్చు, టాక్ ప్రోగ్రామే కదా. ఒకసారి అడిగి చూడు."

అడిగి చూడమన్నారు ఆయన. అది కూడా రాయాలి. అడిగి ఉంటే? లొరెయిన్ కాదనేది, మర్యాదగా. లేదా ఇద్దరం కూర్చుని వేళలు సర్దుకునేవాళ్ళమేమో. మధ్యాహ్నం ఆమె, సాయంత్రం మేము. ఆ హాలుకు ఒక రోజులో రెండు కార్యక్రమాలు కొత్త కాదు. ఆ లెక్క నాకంటే బాగా తెలిసినవారు యూనివర్సిటీలో లేరు. అయినా అడగలేదు. అడిగితే కాదంటుందేమోనని భయం. కాదంటే ఇక చేయడానికేమీ ఉండదని భయం.

హోల్డ్ గడువు ఆ శుక్రవారం సాయంత్రం అయిదు. ఆ రోజే గడువు ముగిసేవారు మరో ఇద్దరున్నారు. బిజినెస్ స్కూలు వాళ్ళకు ఫోన్ చేశాను. పూర్వవిద్యార్థుల సంఘానికి చేశాను. లొరెయిన్ నంబరు నాకు కంఠతా వచ్చు. రిసీవర్ ఎత్తాను. పెట్టేశాను. తర్వాత చేద్దామనుకున్నాను. ఆ 'తర్వాత'ను సాయంత్రం దాకా జరుపుతూ పోయాను, అన్నం పళ్ళెం పక్కకు జరిపే పిల్లలాగా. అయిదు దాటింది. హోల్డ్ దానంతటదే తొలగిపోయింది. నేను తీయలేదు, చూడండి. నేనేమీ చేయలేదు. మా అమ్మాయి డాన్స్ స్కూలు పేరు మీద హాలు బుక్ చేసి, బయటివారికి ఉండే అద్దె పూర్తిగా కట్టించాను. ఒక్క నియమమూ తప్పలేదు.

నియమం తప్పకుండా అంత పెద్ద తప్పు చేయవచ్చునని నాకు ఆ రోజే తెలిసింది.

సోమవారం ఉదయం ఆమె వచ్చింది. కోటు గుండీలు కూడా విప్పలేదు. ఆ సంభాషణ నాకు ఒక్క మాట పోకుండా గుర్తుంది. ఆమె ఇంగ్లీషును నా తెలుగులో రాస్తున్నాను.

"నా హాలు పోయినట్టు సిస్టమ్ చూపిస్తోంది. ఏదో పొరపాటు కదా?"

"హోల్డ్ శుక్రవారంతో అయిపోయింది, ప్రొఫెసర్."

"శుక్రవారమా?" అని ఆగింది. "మీరు ఎప్పుడూ ఫోన్ చేస్తారు కదా!"

అక్కడ ఒక క్షణం దొరికింది నాకు. నిజం చెప్పడానికి సరిపోయేంత పెద్ద క్షణం. నేను స్క్రీన్ వైపు చూశాను.

"చేశాను. వాయిస్‌మెయిల్ పెట్టాను," అన్నాను.

ఆమె నన్ను అనుమానించలేదు. అనుమానించి ఉంటే నేను ఒప్పుకునేదాన్నేమో. కళ్ళద్దాలు తీసి, వాటి అద్దాలు కోటుకు తుడిచి, మెల్లగా అంది:

"మీరు చేశానన్నారంటే చేసే ఉంటారు. నేనే చూసుకోలేదు. ఆ వారమంతా ఆవిడ ప్రయాణం ఏర్పాట్లలో పడి, ఫోన్ సంగతే పట్టించుకోలేదు. తప్పు నాది. ఇప్పుడు ఎవరికి ఇచ్చారు?"

"ఒక డాన్స్ స్కూలుకి."

"మార్చడానికి వీలుంటుందా?"

"ఇన్విటేషన్లు వెళ్ళిపోయాయి."

ఆ మాట నిజం. ఆమె అర్థం చేసుకున్నట్టు తల ఊపింది. "పిల్లల ప్రోగ్రామ్ అయితే వద్దులెండి. వాళ్ళను ఇబ్బంది పెట్టొద్దు," అంది. ఆ పిల్ల నా పిల్లేనని చెప్పలేదు. స్టూడెంట్ సెంటర్‌లో భోజనశాల పక్క గది ఉందన్నాను. థాంక్స్ చెప్పి, నా పేరు అయిదు అక్షరాలూ సరిగ్గా పలికి, వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళలో నన్ను నేను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటుంది. ఆ శనివారం ఇంజనీరింగ్ డీన్‌గారి విందు ఉండి ఉంటే, నేను ఫోన్ చేయకుండా ఉండేదాన్నా? ఉండను. భయంతోనైనా చేసేదాన్ని. మరి ఆమె విషయంలో ఆ భయం ఎందుకు లేకపోయింది? ఆమె మంచిదనా? ఆమె అరవదనా? లేక, వాళ్ళ పండగకు ఏ గదైనా సరిపోతుందని, వాళ్ళకు వెనక గదులు అలవాటేనని, నాలోపల ఎక్కడో ఒక కొలత ఉండిపోయిందా? మన ఇళ్ళల్లో, మన విందుల్లో, వాళ్ళ గురించి గొంతు తగ్గించి తెలుగులో అనుకునే మాటలు నేనెప్పుడూ అనలేదని గర్వపడేదాన్ని. వింటూ కూర్చున్నాను కదా. విన్నది ఎక్కడికి పోతుంది? "ఎవ్రీ ఇయర్ ఉండేదేగా" అన్న మాట మావారి నోటి నుంచి వచ్చింది గానీ, అంతకుముందే నా మనసులో తయారుగా ఉంది. ఫిబ్రవరి ప్రతి ఏడూ వస్తుంది. మిస్ ఆర్లీన్ ప్రతి ఏడూ రాదు. ఒక్కసారే జరిగేది ఎవరిదో నేను తలకిందులుగా లెక్కవేశాను.

ఆ శనివారం. మంచు పడుతోంది. పట్టుచీర మీద పెద్ద కోటు, కాళ్ళకు బూట్లు, తలలో ఎడిసన్‌లోని మనవాళ్ళ కొట్టు నుంచి తెప్పించిన మల్లెపూలు. సగం కార్యక్రమం అయ్యాక, అతిథులకు కాఫీ తక్కువైందంటే, స్టూడెంట్ సెంటర్ కిచెన్‌కు నేనే వెళ్ళాను. ఆఫీసు మనిషిని కాబట్టి అక్కడ నాకు ఇస్తారు. కిచెన్‌కు దారి ఆ గది ముందు నుంచే.

తలుపు తెరిచి ఉంది. గది నిండి, మనుషులు గోడల వెంట నిలబడ్డారు. స్టేజీ లేదు. సోడా మెషీన్ పక్కన, చక్రాల కుర్చీలో, ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒక చిన్న మనిషి. మడతతలుపు అవతల భోజనశాలలో పళ్ళేల చప్పుడు. మైకు గీపెడుతోంటే లొరెయిన్ తన ఎక్స్‌టెన్షన్ కార్డుతో తంటాలు పడుతోంది. మిస్ ఆర్లీన్ ఆమె చేయి పట్టుకుని ఆపింది.

"వదిలెయ్ తల్లీ. అప్పుడు తెర వెనక నుంచి పాడితేనే వినపడింది వాళ్ళకి. ఇప్పుడు తెర కూడా లేదు కదా," అంది.

గది ఘొల్లున నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే ఆమె పాట మొదలుపెట్టింది. చర్చి పాట. నాకు తెలియని పాట. మొదటి చరణంలో గొంతు వణికింది. రెండోదానికి నిలబడింది. ఆ చిన్న శరీరంలో అంత గొంతు ఎక్కడ ఉందో తెలియదు. అరవై ఏళ్ళు ఎవరూ చూడని చోట దాచుకుని, ఒక్క మెరుగూ పోకుండా తీసినట్టుంది. అవతల పళ్ళేల చప్పుడు తగ్గింది. తర్వాత ఆగింది. మడతతలుపు ఎవరో పక్కకు లాగారు. ట్రేలు పట్టుకున్న పిల్లలు, ఏ కార్యక్రమమో తెలియనివాళ్ళు, నిలబడిపోయారు. నా జీవితంలో గొప్ప కచేరీలు చాలా విన్నాను. ఒక గది దానంతటదే హాలుగా మారడం అప్పుడే చూశాను. లొరెయిన్ గోడకు ఆనుకుని, నవ్వుతూ ఏడుస్తోంది. కాడి కింద పెట్టని మనిషి ఒక్క నిమిషం కింద పెట్టినట్టుంది ఆమె ముఖం.

అంతలో నన్ను చూసింది. పట్టుచీర, మల్లెపూలు, అన్నీ చూసే ఉంటుంది. చేయి ఊపి పిలిచింది. పక్కనున్న ఖాళీ కుర్చీ చూపించింది. నేను కాఫీ అన్నట్టు సైగ చేసి వెళ్ళిపోయాను.

అంతటితో అయి ఉంటే బాగుండేది.

ఇంటికి వస్తుంటే కారులో మా అమ్మాయి వెనక సీటులో గజ్జెలు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. మావారు సంతోషంగా ఉన్నారు. మాటల మధ్యలో అన్నారు:

"తరంగం నడుస్తున్నప్పుడు ఎవరో పెద్దావిడ వచ్చింది డోర్ దగ్గరికి. బ్లాక్ లేడీ, వీల్‌చెయిర్‌లో. హాల్ ఒకసారి చూసి వెళ్తానంది. మాస్టారు డోర్ ఓపెన్ చేయొద్దన్నారు కదా, ప్రైవేట్ ఫంక్షన్ అమ్మా, ఇప్పుడు కుదరదు అన్నాను. పాపం, ఎంత పొలైట్‌గా థాంక్యూ చెప్పిందో!"

పళ్ళెం అంచుల మీద నిలబడి పిల్ల తరంగం చేస్తుంటే తలుపులు తీయకూడదని గురువుగారి నియమం. వెలుతురు మారితే పిల్ల అడుగు తప్పుతుందని. దాన్ని తలుపు దగ్గరి వాళ్ళకు చెప్పింది నేనే.

బయట మంచు తుడుస్తున్న వైపర్లను చూస్తూ కూర్చున్నాను. మా ఆయన తప్పు ఏమీ లేదు. ఆయన ఒక ముసలావిడను చూశారు. ఆ తలుపు అంతకుముందొకసారి ఆవిడకు ఎలా మూసుకుందో తెలిసినదాన్ని నేను.

మరుసటి ఫిబ్రవరికి పెద్ద హాలు లొరెయిన్‌కే ఇచ్చాం. గడువుకు వారం ముందు నుంచే ఫోన్లు చేశాను. మిస్ ఆర్లీన్‌ను ప్రయాణం చేయవద్దన్నారు డాక్టర్లు. ఆ తర్వాతి ఏడాది ఆమె లేదు. ఇప్పుడు హాలు ముందు నడవలో ఆమె ఫొటో ఉంది, కింద పేరుతో.

మా అమ్మాయి అదే యూనివర్సిటీలో చేరింది. లొరెయిన్ క్లాసు తీసుకుంది. రెండేళ్ళు ఫిబ్రవరిలో ఆ నడవ దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకు ఫొటోల కథలు చెప్పింది. ఒక రాత్రి భోజనాల దగ్గర నాకే చెప్పింది:

"అమ్మా, దిస్ ఈజ్ సో శాడ్. మిస్ ఆర్లీన్‌కి ఆ స్టేజ్ మీద పాడాలని ఉండె. బట్ ప్రొఫెసర్ కన్ఫర్మ్ చెయ్యడం మర్చిపోయింది అంట. షీ టెల్స్ ఎవ్రీ క్లాస్. తన మిస్టేక్ అని తనే చెప్తుంది. కెన్ యూ ఇమాజిన్?"

"ఇంకొంచెం పప్పు వేసుకో," అన్నాను.

చేయని తప్పును ప్రతి తరగతికీ పాఠంగా చెప్పుకుంటోంది ఆమె. చరిత్ర చెప్పేవాళ్ళు తమ పొరపాట్లు దాచకూడదని. నేను దాచిన చోటనే ఆమె పాఠం నడుస్తోంది.

ఈ వసంతంలో ఆమె రిటైర్ అవుతోంది. ఇప్పుడు మా యూనివర్సిటీలో పేరు లేని ఫొటో ఒక్కటి కూడా లేదు. ఉద్యోగ దరఖాస్తులను పేర్లు చూడకుండా చదివే పద్ధతి ఆమె పట్టుబట్టి తెచ్చిందే. దాని వల్ల లోపలికి వచ్చినవారిలో నలుపు, తెలుపు, మనవాళ్ళు, అందరూ ఉన్నారు. వీడ్కోలు సభకు హాలు కేటాయించింది నేనే. ఆమెతో పనిచేసినవారి తరఫున రెండు మాటలు చెప్పమని నన్నే అడిగారు. ఆ వారమే విద్యార్థుల పత్రికలో ఆమె మాటలు వచ్చాయి. విచారం ఏదైనా ఉందా అని అడిగితే, ఒక్కటే అంది. ఒక గడువు మరిచిపోయాను. దానికి మూల్యం నేను కాదు, వేరొకరు చెల్లించారు.

ఆ వాక్యం చదివాక నేను సభలో నిలబడి ఆమెను పొగడగలనా? పొగడ్తలో ప్రతి మాటా నిజమే అయినా?

నిన్న మధ్యాహ్నం ఆమె గదికి వెళ్ళాను. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతోంది. నిలబడే చెప్పాను. మొదట ఫోన్ చేయలేదని. తర్వాత వాయిస్‌మెయిల్ అబద్ధమని. తర్వాత ఆ డాన్స్ స్కూలు పిల్ల ఎవరో. చివరికి తలుపు దగ్గర మిస్ ఆర్లీన్‌ను ఆపింది ఎవరో. చెప్పేటప్పుడు ఒక్క కారణమూ చేర్చలేదు. అంతమాత్రం అదుపులో పెట్టుకోగలిగాను. గొట్టం పగిలిన సంగతి కూడా ఆమెకు చెప్పలేదు. మీకు చెప్పాను, అంతే.

ఆమె చేతిలో పుస్తకం అలాగే ఉంది. కిటికీ వైపు తిరిగింది. తర్వాత అంది:

"ఆ రోజు తలుపు బయట మేమిద్దరం కాసేపు నిలబడ్డాం. లోపల గంటల చప్పుడు, ఇత్తడి చప్పుడు. మిస్ ఆర్లీన్ చెవి తలుపుకి పెట్టి వింది. 'లోపల ఎవరి బిడ్డో చాలా బాగా చేస్తోంది, రా పోదాం, డిస్టర్బ్ చెయ్యొద్దు' అంది."



"అది ఆవిడ మాట," అంది లొరెయిన్. "నా మాట ఇంకా తయారు కాలేదు. తయారవుతుందో లేదో కూడా తెలియదు."

పుస్తకం పెట్టెలో పెట్టింది. ఇంకొకటి తీసుకుంది. నేను బయటికి వచ్చాను. ఈసారి నా పేరు పలకలేదు.

సభ వచ్చే గురువారం. నన్ను మాట్లాడమంటుందో, వద్దంటుందో తెలియదు. ఇప్పుడు ఉద్యోగానికి దూరంగా హెర్న్‌డన్‌లో ఉంటున్న మా అమ్మాయికి ఇంకా చెప్పలేదు; మా ముందుగదిలో ఇత్తడి పళ్ళెం మీద నిలబడ్డ ఆ పిల్ల ఫొటో ఉంది, ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ ఫొటో ఏ రోజుదో చెప్పాలి. క్షమించమని లొరెయిన్‌ను అడగలేదు. అడిగే హక్కు ఉన్నట్టు అనిపించలేదు. మిస్ ఆర్లీన్ మాట నాకు ఊరటగా దొరికిందని కూడా అనుకోను. తలుపు అవతల ఉన్నది ఎవరో తెలియకుండా ఇచ్చిన దీవెన అది. నా బిడ్డకు ఇచ్చింది, నాకు కాదు.

రాత్రి డైరీ తీశాను. చలి తగ్గిందని రాశాను. ఆఫీసుకు చేరిన సమయం రాశాను. మధ్యాహ్నం ఎక్కడికి వెళ్ళానో, ఏం చెప్పానో రాశాను. పదకొండేళ్ళలో మొదటిసారి, జరిగింది జరిగినట్టు ఉంది ఆ పేజీలో.